నాంచారయ్య వేసిన విమానం

బెజవాడ ఆటోనగర్‌లో ఎవరైనా కొత్త లారీ కొంటే, తాళాలు చేతికొచ్చిన మర్నాడే బండిని తెచ్చి నాంచారయ్య షెడ్డు ముందు పెట్టేవారు. అంతకంటే బాగా బొమ్మలు వేసేవాళ్ళు ఆటోనగర్‌లో లేరా అంటే, ఉన్నారు. వెనక వీధిలో ఒకాయన వేసే నెమలిని చూస్తే అసలు నెమళ్ళు సిగ్గుపడాలి. కానీ హస్తవాసి అని ఒకటుంది. కొందరు డాక్టర్లకుంటుంది, కొందరు మంగలులకుంటుంది, నాంచారయ్యకుంది. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయన చెయ్యిపడ్డ మూడువేల పైచిలుకు బండ్లలో ఒక్కటీ నడిరోడ్డు మీద మొరాయించలేదని ప్రతీతి. మొరాయించినవి ఏవైనా ఉంటే, తప్పు తమదేననుకుని ఆ డ్రైవర్లు బయటికి చెప్పలేదు.

ఆయనకొక పద్ధతుంది. బండి ముఖానికి రెండు కళ్ళు వేస్తాడు. తెల్లగుడ్డు వేస్తాడు, రెప్పలు వేస్తాడు, పైన దట్టంగా కనుబొమలు దిద్దుతాడు. నల్లగుడ్డు మాత్రం పెట్టడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బండిని మొదటి కిరాయికి పంపేస్తాడు. అది విశాఖపట్నమో నాగపూరో వెళ్ళి, లోడు దించి, దుమ్ముకొట్టుకుని తిరిగొచ్చాక అప్పుడు సన్నకుంచె తీసి నల్లగుడ్డు పెడతాడు. ఎందుకలాగని అడిగితే, "దారి చూడని బండికి చూపెందుకయ్యా?" అంటాడు. అది వాళ్ళ గురువుగారు చెప్పిన మాట. గురువుగారికి ఎవరు చెప్పారో నాంచారయ్య అడగలేదు, అడిగితే దెబ్బలు పడేవి.

ఇలా ఉండగా గగనవాహిని అనే విమాన సంస్థకి కళాతృష్ణ పుట్టింది. గగనవాహిని ప్రభుత్వంవారిది. మొత్తం మూడు విమానాలు, నాలుగువందల మంది ఉద్యోగులు. దాని మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశంగారు ఇంధనం ఎలా పొదుపు చెయ్యాలో తెలుసుకుందామని విదేశంలో ఒక సదస్సుకి వెళ్ళి, అక్కడ పెద్ద పెద్ద చిత్రకారులు రంగులు వేసిన విమానాల్ని చూసి నోరు తెరుచుకుని తిరిగొచ్చారు. వెళ్ళింది ఇంధనం కోసం, తెచ్చింది రంగుల్ని. చివరికి రెండు పనులూ ఒక్క దెబ్బతో నెరవేరాయి గాని, ఆ సంగతి తర్వాత.

'ఎగిరే చిత్రశాల' అని పథకానికి పేరుపెట్టి టెండరు పిలిచారు. దేశంలో పేరున్న చిత్రకారులు ముగ్గురు ముందుకొచ్చారు. ఒకాయన విమానాన్ని ఉన్నదున్నట్టు తెల్లగా వదిలెయ్యాలనీ, ఆ తెలుపే తన చిత్రమనీ, తాను వచ్చి సంతకం పెడితే చాలనీ రాశాడు. ఒకావిడ విమానమంతా అద్దాలు అతికిస్తే ఆకాశం తన ముఖం తాను చూసుకుంటుందంది. ఎదురొచ్చే పైలట్లకి ఏం కనబడుతుందో ఆవిడ రాయలేదు. మూడో ఆయన అంతా బాగుందిగాని రెక్కలు కూర్పుకి అడ్డొస్తున్నాయి, తీయించమన్నాడు. ముగ్గురూ గొప్పవాళ్ళే, ముగ్గురి దరఖాస్తులూ కొట్టేశారు. కారణం రెక్కలూ అద్దాలూ కాదు. టెండరులో తొమ్మిదో నిబంధన ప్రకారం దరఖాస్తుదారుకి 'కనీసం వంద వాహనములపై చిత్రలేఖనము గావించిన అనుభవము' ఉండాలి. టెండరు కాగితం ఎప్పుడో బస్సులకి రంగులు వేయించినప్పటిది, పైన ఒక్క మాట మార్చి పంపారు.

ఆ తొమ్మిదో నిబంధన చదివిన హ్యాంగరు ఇంజనీరు రత్నంకి నాంచారయ్య గుర్తొచ్చాడు. రత్నం తమ్ముడి లారీకి పులిని వేసింది ఆయనే. దరఖాస్తు రత్నమే నింపాడు. అనుభవం అన్నచోట 'మూడువేల నూట ఇరవై' అని రాశాడు. కమిటీ వారు ఆ అంకె చూసి లేచి నిలబడ్డారట.

"విమానమా?" అంది సామ్రాజ్యం, మొగుడు సంగతి చెప్పగానే. "దానికి నిమ్మకాయలూ మిరపకాయలూ ఎక్కడ కడతావయ్యా? ముందు బంపరుంటుందా అసలు?"

"చూడాలి" అన్నాడు నాంచారయ్య.

హ్యాంగరులో విమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రాన్ని కాలి బొటనవేలితో తట్టి చూశాడు. "బండి మంచిదే. ముందు టైరు మరీ చిన్నదిచ్చాడేం?" అన్నాడు. 

నెలన్నర వేశాడు. ఒక పక్క కృష్ణ, వరద మీదున్న కృష్ణ, బ్యారేజీ తలుపులన్నీ ఎత్తి. ఇంకో పక్క మిర్చి కళ్ళాలు, అంతా ఎరుపు. రెక్కల అడుగున చిలకలు, కింద నుంచి చూసేవాళ్ళకి ఏదో ఒకటి కనబడాలి కదా. తోక మీద పులి. అన్నిటికంటే వెనక, అలవాటు కొద్దీ, 'హారన్ కొట్టుము' అని రాశాడు. దీని మీద కమిటీ మూడురోజులు కూర్చుంది. ఆకాశంలో వెనకనుంచి వచ్చి హారన్ కొట్టేదెవరని ఒక సభ్యుడు అడిగాడు. ఎవరూ కొట్టకపోయినా అది మన సంస్కృతి అని ఇంకొక సభ్యుడన్నాడు. సంస్కృతి అన్నాక ఆ అక్షరాలు అలాగే ఉంచేశారు.

ముక్కుకి రెండు కళ్ళు వేశాడు. నల్లగుడ్డు పెట్టలేదు.

ప్రారంభోత్సవం నాడు పరాంకుశంగారు వచ్చి, విమానాన్ని తోక నుంచి ముక్కుదాకా మెచ్చుకుంటూ వచ్చి, ముక్కు దగ్గర ఆగిపోయారు.

"ఇదేమిటి, గుడ్డిదానిలా ఉంది?"

నాంచారయ్య చేతులు కట్టుకుని పద్ధతి చెప్పాడు. ఒక్క ట్రిప్పు పోయిరానివ్వండి, సాయంత్రం దిగిన పావుగంటలో పెట్టేస్తాను అన్నాడు.

"మీ సంప్రదాయాన్ని సంస్థ ఎంతగానో గౌరవిస్తుంది నాంచారయ్యగారూ" అన్నారు పరాంకుశంగారు. "ఆ గౌరవంతోనే చెబుతున్నాను, ఇప్పుడే పెట్టెయ్యండి. అవతల ఫొటోలవాళ్ళు వచ్చి ఉన్నారు."

నాంచారయ్యకి చెయ్యి రాలేదు. కానీ అంతమంది పెద్దమనుషులు, హ్యాంగరు ముందు అంత పెద్ద షామియానా, ఎదర వరసలో కొత్త చీర కట్టుకుని కూర్చున్న సామ్రాజ్యం. కాదనలేకపోయాడు. సంస్థ వారి రంగుడబ్బాలు ముందురోజే లెక్కజూసి గదిలో పెట్టి సీలు వేసేశారు. స్కూటరు డిక్కీలోంచి తన లారీ ఎనామెల్ తెచ్చుకుని, నిచ్చెనెక్కి, రెండు నల్లగుడ్లు పెట్టాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో దారి చూడని బండికి కన్ను పెట్టడం అదే మొదలు. దిగి వచ్చి మూడు చక్రాల ముందూ నిమ్మకాయలు పెట్టాడు గాని, మనసు మనసులో లేదు.

రిబ్బను కత్తిరించారు. నలభై మంది ప్రయాణికులు బోర్డింగ్ పాసులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అప్పుడొచ్చింది వేదవల్లిగారి జీపు.

వేదవల్లిగారు కళాఖండ పరిరక్షణ సంచాలకత్వంలో ఉపసంచాలకురాలు. చాలా మర్యాదస్తురాలు, గట్టిగా తుమ్మినా క్షమించమంటుంది. ఆమె ఊరికే రాలేదు, పరాంకుశంగారు పిలిస్తేనే వచ్చింది. విమానం పక్కన ఇత్తడి ఫలకం పెట్టించుకోవాలని ముచ్చటపడి, దాన్ని కళాఖండంగా నమోదు చెయ్యమని ఆయనే దరఖాస్తు పెట్టారు. ఆ ఉత్తర్వు ఆవేళే వచ్చింది.

"శుభాకాంక్షలండీ" అంటూ ఆమె ఉత్తర్వు చదివింది. "సదరు విమానము ఈ తేదీ నుండి సంరక్షిత కళాఖండముగా పరిగణింపబడును. సదరు కళాఖండమును ఎండ, వాన, గాలి, ధూళి, ప్రకంపనములకు గురిచేయరాదు. ఆరడుగుల లోపు ఎవ్వరునూ సమీపించరాదు. తాకరాదు. తదుపరి ఉత్తర్వులు వెలువడువరకు ఉన్నచోటి నుండి కదల్చరాదు."

అందరూ చప్పట్లు కొట్టారు. అర్థమైంది రత్నం ఒక్కడికే.

"మేడమ్, గాలి తగలకుండా ఇది ఎగరదు" అన్నాడు.

"ఎగరడం గురించి ఉత్తర్వులో ఏమీ లేదండీ" అంది వేదవల్లిగారు ఓదార్పుగా. "నిషేధించలేదు. గాలి మాత్రం తగలకూడదు."

విమానాన్ని ఉన్నచోటే ఉంచి, చుట్టూ తాడు కట్టి, హ్యాంగరుకి నల్లతెరలు దించి, ఏసీలు పెట్టారు. చక్రాల ముందున్న నిమ్మకాయలు అలాగే ఉండిపోయాయి. తియ్యాలంటే ఆరడుగుల లోపలికి వెళ్ళాలి.

ఇక ఆ నలభై మంది సంగతి. టిక్కెట్లు అమ్మాక సేవ అందించకపోతే వినియోగదారుల కోర్టు ఊరుకోదు. పరాంకుశంగారు ఆలోచించి 'దర్శన ప్రయాణం' ప్రవేశపెట్టారు. టిక్కెట్టు కొన్నవాళ్ళని హ్యాంగరులోకి తీసుకెళ్ళి, తాడు ఇవతల సీటు నంబర్ల వరసలో వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టేవారు. కిటికీ సీటు కొన్నవాళ్ళకి చివరి కుర్చీ. ఉద్యోగం లేకుండా పోయిన కెప్టెన్ చేతికి పొడుగాటి బెత్తమూ మైకూ ఇచ్చారు. "మీ ఎడమవైపున కృష్ణానదిని గమనించవచ్చు, మరికొద్దిసేపట్లో పులి వస్తుంది" అని ఆయన చెబుతుంటే, వేరుశనగపప్పు పొట్లాలు పంచేవారు. గంటా పది నిమిషాలయ్యాక మనం హైదరాబాదు చేరాం అని ప్రకటించేవారు. ప్రయాణికులు దిగి, అంటే లేచి, బయట బస్సెక్కి హైదరాబాదు వెళ్ళేవారు.

మొదట్లో కొంతమంది గొడవపడ్డారు. తర్వాత అలవాటుపడ్డారు. ఇదివరకు విమానం నాలుగు గంటలు ఆలస్యమయ్యేది, ఇప్పుడు ఠంచనుగా టైముకి అయిపోతోంది. మూడు నెలలకి లెక్కలు తీస్తే ఈ విమానానికి ఆలస్యాలు లేవు, ప్రమాదాలు లేవు, ఇంధనం ఖర్చు సున్నా. దేశంలోకెల్లా సమయపాలన పాటించే విమానం అని బహుమతి ఇచ్చారు. పొగ వదలనందుకు ఇంకొకటి ఇచ్చారు. మిగిలిన రెండు విమానాలకీ రంగులు వేయించాలని పరాంకుశంగారు వెంటనే తీర్మానం చేయించారు.

ఇదంతా బాగానే ఉంది. ఆటోనగర్‌లో మాత్రం బాగాలేదు.

కొత్తగా పన్నెండు టైర్ల బండి కొన్న బుల్లియ్య షెడ్డుకొచ్చి, బండిని తీసుకురాకుండా వచ్చి, బల్లమీద కూర్చుని టీ తాగాడు.

"నాంచారన్నా, ఇప్పుడు ముహూర్తాలు బాగోలేదంట. శ్రావణంలో చూద్దాం" అన్నాడు.

శ్రావణం వచ్చింది, పోయింది. బుల్లియ్య బండి మీద వెనకవీధి నెమలి వాలింది. నాంచారయ్య చూశాడు. ఎదురుపడినప్పుడు బుల్లియ్యే తల దించుకున్నాడు.

"ఏందిరా బుల్లియ్యా, నీ బండ్లు ఆరింటికి నేనే గదా వేసింది?"

"నేను కాదనలేదన్నా. డ్రైవరే ఎక్కనన్నాడు." బుల్లియ్య గొంతు తగ్గించాడు. "ఆరు నెలలైంది, నువ్వేసిన విమానం అంగుళం కదల్లేదంట. పక్కనున్న విమానాలకీ నిన్నే వెయ్యమంటన్నారంట, అయ్యీ ఆగిపోతయ్యంట. నీ చెయ్యి మారిందంటన్నారన్నా. నేననటంలా, అంటన్నారు."

మాట పుట్టాక దాన్ని ఆపేదెవరు? నాంచారయ్య చెయ్యి ఊపి ఆపిన ఆటో రెండు సందులు దాటి ఆగిపోయిందట. ఆయన టీ తాగిన కొట్లో గ్యాసు అయిపోయిందట. షెడ్డు ముందు వరసగా నిలబడే బండ్లు ఒకటొకటిగా తగ్గి, చివరికి ఆయన స్కూటరొకటే మిగిలింది. అది కూడా ఒకరోజు పొద్దున స్టార్టవలేదు. పెట్రోలు లేదని తెలిసినా నాంచారయ్య హ్యాండిలు మీంచి చెయ్యి తీసేశాడు. తిండి లేకపోయినా తట్టుకునేవాడుగాని, తన చెయ్యి చూసి తానే భయపడే రోజు వస్తుందనుకోలేదు. రాత్రిపూట అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకునేవాడు.

"దాని తప్పేం లేదు" అంది సామ్రాజ్యం ఆ చేతిని చూసి. "నువ్వు ముందే కన్ను పెట్టావు. నేనా ఎదర వరసలో కూర్చుని చూస్తానే ఉన్నా. నీ మొహంలోనే తెలిసింది నాకు."

నాంచారయ్య పరాంకుశంగారి దగ్గరికి వెళ్ళాడు. "అయ్యా, ఒక్కసారి తిప్పండి చాలు. హైదరాబాదు అక్కర్లేదు, ఆ చివరిదాకా పోయి వెనక్కి వచ్చినా సరే. నేనేసిన బండి నిలబడిపోతే నేను బతకలేనయ్యా" అన్నాడు.

పరాంకుశంగారు రెండు బహుమతుల మధ్య కూర్చుని ఉన్నారు. "నాంచారయ్యగారూ, మీరు సృష్టికర్తలు" అన్నారు. "సృష్టి జరిగాక సృష్టికర్త అందులో జోక్యం చేసుకోకూడదు. దేవుణ్ణి చూడండి, ఎంత దూరంగా ఉంటాడో. మీకు ఆరడుగులే పెట్టాం."

వేదవల్లిగారు ఇంకా దయగా మాట్లాడింది. కుర్చీ వేయించింది, మజ్జిగ ఇప్పించింది. "మీ బాధ నాకర్థమైందండీ. కానీ మా నిబంధనల్లో కళాకారుడి బాధ అనే అంశం లేదు" అంది. ఆమె కూడా నిజంగానే బాధపడింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ ఎవరు దేవుడో ఎవరు పూజారో కూడా తెలియలేదు. నాంచారయ్య ఇంటికి వచ్చి రెండురోజులు షెడ్డు తలుపు తియ్యలేదు. మూడోరోజు, గురువారం, పదకొండున్నర దర్శన ప్రయాణానికి ఒక టిక్కెట్టు కొన్నాడు. ఒకటో వరస, కిటికీ సీటు.

సంచిలో ఏముందని సెక్యూరిటీ వాళ్ళు అడగలేదు. ఎగరని విమానానికి తనిఖీ ఎందుకని అది ఎప్పుడో ఎత్తేశారు. సంచిలో రంగు కరిగించే థిన్నరు సీసా, పాత పంచె ముక్కలు రెండు ఉన్నాయి.

కెప్టెన్ "మీ ఎడమవైపున" అనగానే నాంచారయ్య లేచి, తాడు కిందుగా దూరి, బల్బులు మార్చడానికి గోడకి చేరేసిన నిచ్చెనని తెచ్చి, విమానం ముక్కుకి ఆనించి ఎక్కాడు. కాపలావాళ్ళు నలుగురూ పరిగెత్తుకొచ్చి తాడు దగ్గర టక్కున ఆగారు. ఆరడుగులు.

"దిగు పెద్దాయనా, మా ఉద్యోగాలు పోతయ్" అని బతిమాలారు.

"రెండు నిమిషాలు ఆగండి నాయనా" అన్నాడు నాంచారయ్య.

తడిపిన గుడ్డని కంటి మీద అదిమి పట్టుకున్నాడు. అది సంస్థ రంగు కాదు, తన డిక్కీలోని ఎనామెల్, దాని గుణం తనకి తెలుసు. కాసేపటికి ఉబ్బి, మెత్తబడి, గుడ్డతోపాటు వచ్చేసింది. రెండో కన్ను కూడా తుడిచాడు. ప్రయాణికులు ఇది కూడా కార్యక్రమంలో భాగమే అనుకుని వేరుశనగపప్పు తింటూ చూశారు. కెప్టెన్ బెత్తం దించి, "కొద్దిపాటి కుదుపులు ఉండవచ్చు, దయచేసి కూర్చునే ఉండండి" అని ప్రకటించాడు.

నాంచారయ్య దిగి, నిచ్చెన తీసి యథాస్థానంలో పెట్టి, తాడు ఇవతలికొచ్చి చేతులు చాపాడు. "ఇక పట్టుకోండి. తప్పు నాది, దిద్దుకున్నా" అన్నాడు.

అరగంటలో పరాంకుశంగారు వచ్చారు. గంటలో వేదవల్లిగారు నిబంధనల పుస్తకం సహా వచ్చింది. హ్యాంగరులోనే సమావేశం పెట్టారు. ముద్దాయిని కూడా ఒక కుర్చీలో కూర్చోబెట్టారు, అది తొమ్మిది 'బి' సీటు.

"విధ్వంసం" అన్నారు పరాంకుశంగారు. "జైల్లో పెట్టించాలి."

"తన కృతిని తానే చెరిపిన కళాకారుడికి శిక్ష లేదండీ. అది ఎవరికీ తోచలేదు" అంది వేదవల్లిగారు పేజీలు తిప్పుతూ. "కళాఖండం సంగతి మాత్రం ఉంది. నలభైరెండో నిబంధన. దెబ్బతిన్న కళాఖండమును డెబ్బైరెండు గంటలలోగా ఉత్తరాదినున్న కేంద్ర మరమ్మతు ప్రయోగశాలకు తరలించవలెను. రోడ్డు, రైలు మార్గములు నిషిద్ధము. విమానము ద్వారా మాత్రమే తరలించవలెను."

"విమానాన్ని విమానంలో ఎక్కించాలా?" అన్నారు పరాంకుశంగారు. "అంత పెద్ద విమానం మనకెక్కడిది?"

అందరూ తలలు పట్టుకున్నారు. అద్దెకి తేవాలని ఒకరు, రెక్కలు విప్పి నాలుగు ట్రిప్పుల్లో పంపాలని ఒకరు అన్నారు. చివరికి రత్నం చెయ్యెత్తాడు.

"అయ్యా, ఇదే ఎగురుతుందండి."

"ఏది?"

"ఈ కళాఖండమే. దీనికి ఇంజన్లున్నాయి. రోజూ రాత్రి, అందరూ వెళ్ళాక, నేనే పుస్తకం చూసి అన్నీ సరిచేసి పెడుతున్నాను. నా డ్యూటీ కాగితంలో ఉంది, ఎవరూ మానమనలేదు."

 ఎనిమిది నెలల్లో ఆ సంగతి అందరూ మర్చిపోయారు.

వేదవల్లిగారు పుస్తకం మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివింది. తరలించే వాహనమూ తరలింపబడే వస్తువూ ఒకటే కాకూడదని ఎక్కడా లేదు. దెబ్బతిన్నది మరమ్మతయ్యేవరకు అసంపూర్ణ వస్తువు గనక, ఎండా గాలీ నిబంధన దానికి వర్తించదని కూడా తేలింది. పద్నాలుగో నమూనా పత్రంలో 'వస్తువు' అన్నచోటా 'వాహనము' అన్నచోటా ఒకే నంబరు వేసి సంతకం చేసింది.

"ఖాళీగా పోతే ఊగుతుందండి" అన్నాడు రత్నం, ఇంకొక అడుగు ముందుకేసి. "లోపల బరువుండాలి. సమానంగా, సీటుకొకటి చొప్పున."

"బరువంటే?"

"మనుషులైతే మంచిదండి. డెబ్బై కేజీలు అటూ ఇటూ."

ఆ విధంగా నలభై మంది ప్రయాణికులు రికార్డుల్లో 'ప్యాకింగ్ సామగ్రి'గా నమోదై విమానమెక్కారు. కొందరు ప్రయోగశాల ఉన్న ఊళ్ళో పనులున్నవాళ్ళు, మిగిలినవాళ్ళు దారిలో హైదరాబాదులో దిగాల్సినవాళ్ళు. అక్కడ దిగినవారి స్థానంలో కొత్త ప్యాకింగు వేసుకోవచ్చని వేదవల్లిగారు రాసిచ్చింది.

నాంచారయ్యని కూడా ఎక్కమన్నారు. ఎక్కనన్నాడు. "లోపల కూర్చుంటే నేనేసింది నాకెట్టా కనపడుద్దండీ?" అన్నాడు.

నల్లతెరలు ఎత్తారు. ఎనిమిది నెలల తర్వాత కృష్ణ మీద ఎండ పడింది. చక్రాల ముందు ఎండి గోధుమరంగు తిరిగిన నిమ్మకాయల్ని తీసి, నాంచారయ్య కొత్తవి పెట్టాడు. నిమ్మరసం కళాఖండానికి హాని చేస్తుందేమోనని వేదవల్లిగారు సందేహించి, టైర్లు ఉత్తర్వులో లేవని చూసుకుని, కానివ్వమంది. బండి కదిలింది. చిట్, చిట్, చిట్ అని మూడుసార్లు వినబడింది. ఆ చప్పుడికి నాంచారయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సామ్రాజ్యం చూసిందిగాని చూడనట్టు పక్కకి తిరిగింది. గుడ్డి విమానం రన్‌వే చివరిదాకా పరిగెత్తి, చిలకల్ని చూపిస్తూ పైకి లేచింది.

నాలుగోరోజు తిరిగొచ్చింది. వెంట ప్రయోగశాల నివేదిక వచ్చింది: 'నల్లగుడ్లు మూల కళాకారుడు స్వహస్తములతో మాత్రమే పెట్టవలెను.'

ఇప్పుడు పద్ధతి ప్రకారమూ అంతే. బండి నిమ్మకాయలు తొక్కింది, దారి చూసింది, దుమ్ముకొట్టుకుని తిరిగొచ్చింది. ఇక చూపు ఇవ్వాల్సింది తనే. నాంచారయ్య సన్నకుంచె పట్టుకుని నిచ్చెనెక్కాడు. కింద పరాంకుశంగారు, ఫొటోలవాళ్ళు. వేదవల్లిగారి చేతిలో పూర్తయినట్టు రాసిన ధ్రువపత్రం సిద్ధంగా ఉంది. కుంచె రంగులో ముంచాక ఆయనకొక అనుమానం వచ్చింది.

"అమ్మా, పెట్టేశాక మళ్ళీ తెరలు దించుతారా?"

"తప్పదండీ. సంపూర్ణ కళాఖండం కదా."

నాంచారయ్య ఆ తెల్లగుడ్డు వంక చాలాసేపు చూశాడు. చేతికింద పని సగంలో వదలడం ఆయన ఎరగడు. సగం వేసిన పువ్వుంటే అన్నం సహించేది కాదు. మెల్లిగా దిగొచ్చాడు.

"ఇయ్యాళ చెయ్యి వణుకుతోందమ్మా. వచ్చే మంగళారం చూద్దాం" అన్నాడు.

వేదవల్లిగారు రాసుకుంది. మరమ్మతు కాని కళాఖండాన్ని నలభైరెండో నిబంధన ప్రకారం మళ్ళీ ప్రయోగశాలకి పంపాలి. పంపారు. వాళ్ళు మళ్ళీ అదే రాసి తిప్పి పంపారు. మంగళవారం వచ్చింది, చెయ్యి వణికింది. ఆ పై మంగళవారమూ వణికింది. మూడు నెలలకి ప్యాకింగ్ సామగ్రి ముందుగా సీట్లు రిజర్వు చేసుకోవడం మొదలుపెట్టింది. మిగిలిన విమానాలకి రంగులు వెయ్యాలంటే ముందు మొదటిది పూర్తికావాలి గనక అవీ ఎగురుతూనే ఉన్నాయి. పరాంకుశంగారు మాత్రం దిగులుపడ్డారు. విమానం మళ్ళీ ఆలస్యంగా నడుస్తోంది.

ఇవాళ మంగళవారం. నాంచారయ్య షెడ్డు ముందు ఏడు బండ్లున్నాయి. మొదటిది బుల్లియ్యది. నెమలి మీద తెల్లరంగు కొట్టించి, మళ్ళీ తెచ్చాడు. నాంచారయ్య దాని తలమీద, ఈ కొసనుంచి ఆ కొసకి, స్కేలు లేకుండా, తాడు పట్టకుండా ఎర్రగీత లాగుతున్నాడు. జీపు దిగిన వేదవల్లిగారు వెనక నిలబడి చూసింది. ఆరడుగుల గీత ఒక్క ఊపిరిలో వచ్చింది, వెంట్రుకవాసి వంపులేదు.

పైన విమానం చప్పుడైంది. షెడ్డులో అందరూ పని ఆపి తలలెత్తారు. నాంచారయ్య కూడా ఎత్తాడు. రెక్కల కింద చిలకలు కనబడ్డాయి. కళ్ళు మాత్రం, తనకి తెలుసు, తెల్లగా అలాగే ఉన్నాయి. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకి లోపలెక్కడో ఒక ముల్లు గుచ్చుకుంటుంది.

"చెయ్యి ఎలా ఉందండీ?" అంది వేదవల్లిగారు.

నాంచారయ్య కుంచె పక్కనపెట్టి చెయ్యి చాపాడు. ఎండలో ఆ చెయ్యి రాయిలా నిలబడి ఉంది. ఆమె దాన్ని శ్రద్ధగా, ముందూ వెనకా, పరీక్షించింది. తర్వాత ఫైలు తెరిచి, 'వణుకు తగ్గలేదు' అని రాసి సంతకం చేసి, టైము చూసుకుంది. సాయంత్రం ప్యాకింగులో ఆమెకి కిటికీ పక్క సీటు ఉంది.